అడిగినదానికే జవాబు

మౌంట్ రాస్కిల్, ఆక్లాండ్
12 అక్టోబరు 2025, ఆదివారం

చి. ల. సౌ. సిరికి,

ఆశక్క ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ బావా కులాసాగా ఉన్నాం. మౌంట్ ఆల్బర్ట్‌లో నువ్వూ శ్రీవత్సా అలాగే ఉన్నారని తలుస్తాను. నిన్న మా ఇంట్లో అన్నం తిని వెళ్ళిన మనిషిని ఇవాళ క్షేమం అడుగుతోందేమిటని నవ్వకు. ఉత్తరం అలాగే మొదలుపెట్టాలని మా నాన్న నేర్పారు. ఇప్పుడు మార్చుకోలేను.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. నువ్వు మా పెరట్లో స్లీపౌట్ గదిలో అద్దెకున్న రోజులు గుర్తున్నాయా? పగలు కాలేజీ, సాయంత్రం డైరీ అనే చిల్లర కొట్టులో పని. నువ్వు వచ్చేసరికి నేను పడుకునేదాన్ని, నేను ఆఫీసుకి బయల్దేరేసరికి నువ్వు నిద్రలో ఉండేదానివి. మనం మాట్లాడుకున్నదంతా ఫ్రిజ్ మీద చీటీల్లోనే. పిండి పులిసింది, వాసన చూసి దోసె పోసుకో అని నేను రాసేదాన్ని. పోసుకున్నాను, బతికే ఉన్నాను అని కింద నువ్వు రాసేదానివి. నీతో అసలు సంగతులు మాట్లాడాలంటే నాకు ఇప్పటికీ కాగితమే తోస్తుంది. రేపు మీ బావ ఆఫీసుకి వెళ్తూ దీన్ని మీ ఇంట్లో ఇస్తాడు. దాంతోపాటు నిమ్మకాయ పచ్చడి సీసా కూడా ఇస్తాడు. నువ్వు అడగలేదు, అయినా పంపుతున్నాను.

ఇక నువ్వు అడిగిన విషయం. ఇన్సూరెన్సు కంపెనీలో బిజినెస్ అనలిస్టుగా నీది మూడేళ్ళ పర్మనెంట్ ఉద్యోగం. ఇప్పుడు కరెంటు కంపెనీవాళ్ళ ప్రాజెక్టులో ఆరు నెలల కాంట్రాక్టు ఇస్తామని ఏజెన్సీ అమ్మాయి వెంటపడుతోంది. గంటకి ఇచ్చేది బాగుంది. పాపకూర ఏరియాలో కొనాలని చూసుకున్న ఇంటికి ఇది కలిసొస్తుందని శ్రీవత్స లెక్క. వదులుకోవాలా, తీసుకోవాలా, తీసుకుంటే ఎలా తీసుకోవాలి. ఇదే కదా నీ ప్రశ్న.

సొంతంగా, నీ పేరు మీదే చేస్తే ఇన్వాయిస్ నువ్వే పంపుకోవాలి, టాక్సు నువ్వే పక్కన పెట్టుకోవాలి. ఏడాది రాబడి అరవై వేలు దాటేట్టుంటే జీఎస్టీకి రిజిస్టర్ అవ్వాలి. నీది దాటుతుంది. మొదటి ఏడు ఎవరూ ఏమీ అడగరు, వచ్చిందంతా మనదే అనిపిస్తుంది. రెండో ఏడు ఐఆర్‌డీ టాక్సు ఆఫీసువాళ్ళు పోయిన ఏటి టాక్సుతోపాటు వచ్చే ఏటిది కూడా ముందే వాయిదాల్లో కట్టమంటారు. నాకు ఆ సంగతి తెలిసిన వారం, పెళ్ళిరోజుకని మీ బావకి కొన్న వాచీని బిల్లుతో సహా షాపులో తిరిగి ఇచ్చేశాను. ఆయన ఇప్పటికీ ఖాళీ చెయ్యి చూపించి టైమెంతయిందని అడుగుతుంటాడు.

సొంత కంపెనీ పెట్టే ఆలోచన అయితే ఇప్పుడే వద్దు. ఒక్క మనిషి కోసం ఒక కంపెనీ, దానికో అకౌంటెంటు, దాని రిటర్నులు వేరు, నీవి వేరు. నువ్వు ఈ పనిలో నాలుగేళ్ళు నిలదొక్కుకున్నాక చూద్దాం.

మిగిలింది అంబ్రెల్లా కంపెనీ. నువ్వు వారం వారం పనిచేసిన గంటలు రాసి పంపుతావు. వాళ్ళు అవతలివాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని, టాక్సు కోసి ఐఆర్‌డీకి కడతారు. ప్రమాదాల బీమాకి పోయే ఏసీసీ లెవీ, జీఎస్టీ కూడా వాళ్ళే చూసి, తమ కమీషను తీసుకుని, మిగిలింది నీ ఖాతాలో వేస్తారు. టాక్సు ఎంత శాతం కొయ్యాలో నువ్వే చెప్పాలి. చేతికి ఎక్కువ వస్తుందని తక్కువ శాతం చెప్పావో, ఏడాది చివర ఏడుస్తావు.

అంబ్రెల్లా ఉంటే పర్మనెంట్ ఉద్యోగం మాదిరే కదక్కా, అన్నీ వాళ్ళే చూసుకుంటారంట కదా అని నిన్న రెండుసార్లు అడిగావు. టాక్సుల విషయంలో అంతే, నిశ్చింతగా ఉండొచ్చు. జీతంతో సెలవులు ఉండవనుకో. దానికి నువ్వు బెంగపడే రకం కాదు. జ్వరం వచ్చినా దుప్పట్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేదానివి. నీకు సెలవులతో పనేముంది?

కాబట్టి నా మాటగా కాంట్రాక్టు తీసుకో, అంబ్రెల్లా కింద తీసుకో. రెసిడెన్సీ వచ్చేసింది కాబట్టి వీసా బాధ లేదు. ఎనిమిదేళ్ళుగా నేను టెస్టింగ్ కాంట్రాక్టులు చేస్తున్నాను, నన్నేమీ పులి మింగలేదు. ఇదంతా నువ్వు చెప్పిన పరిస్థితిని బట్టి చెప్తున్నది. అందులో ఏదైనా మారేదుంటే సలహా కూడా మారుతుంది.

నీ హే ఫీవర్ తగ్గిందా? నేను తాలింపు వెయ్యగానే బయట చెక్క డెక్ మీదికి పరుగెత్తావు. గడ్డి పూత ఈ ఏడు ముందే మొదలైనట్టుంది. జాగ్రత్తగా ఉండు.

ఆశీస్సులతో,
ఆశాజ్యోతి

*

మౌంట్ రాస్కిల్, ఆక్లాండ్
12 నవంబరు 2025, బుధవారం

చి. ల. సౌ. సిరికి,

ఆశక్క ఆశీస్సులు. ఇక్కడ మేం క్షేమం అని రాయబోయి ఆగాను. మీ బావ క్షేమం. నా సంగతి ఈ ఉత్తరం చదివాక నువ్వే చెప్పు. నువ్వు మాత్రం క్షేమంగా ఉండాలి, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ పోస్టు రోజూ రాదు కాబట్టి ఈ కవరు నేనే తెచ్చి మీ లెటర్‌బాక్సులో వేస్తాను. ఇంట్లోకి రాను. లెటర్‌బాక్సు చూడమని మెసేజ్ పెడతాను. చదివాకగానీ నాకు ఫోన్ చెయ్యకు. ఫోన్‌లో నీ గొంతు వింటే నేను మాట మార్చేస్తానని నాకు తెలుసు.

నిన్న నీ మెసేజ్ చూశాను. శుక్రవారం ఆఫీసులో ఆఖరి రోజని, నీకోసం అందరూ కలిసి లంచ్ పెడుతున్నారని, ఈలోపు మనసు మారితే ఒక్క మెయిల్ పెట్టు, రాజీనామా చింపేస్తాను, నీ జాగాలో ఇంకా ఎవరినీ తీసుకోలేదు అని మీ మేనేజర్ అన్నదని రాశావు. పక్కన నవ్వుతున్న బొమ్మ పెట్టావు. నేను కంగ్రాట్స్ అని కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టి, ఫోను బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టాను. మీ బావ వచ్చి ఏమైందన్నాడు. కూర మాడిందన్నాను. వెళ్ళి మూత తీసి చూశాడు. కూర బాగానే ఉంది.

ఆదివారం సాండ్రింగ్‌హామ్‌లో కూరగాయల కొట్టు దగ్గర విజయలక్ష్మి ఆంటీ కనిపించింది. మనవాళ్ళ వ్రతాలకీ పుట్టినరోజులకీ గారెలు వేసిచ్చే ఆంటీ, నీకు తెలుసుగా. మీ సిరికి విశేషమంట కదమ్మా, స్కానింగ్ సెంటర్ దగ్గర ఇద్దరూ కనిపించారు, నీకు చెప్పే ఉంటుందిలే, మీరిద్దరూ సొంత అక్కచెల్లెళ్ళకన్నా ఎక్కువ కదా అంది. అని ఊరుకోలేదు, నా మొహంలో ఏం కనిపిస్తుందా అని చూసింది. పదేళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరికి కడుపు పండినా ఆడవాళ్ళు నా మొహం వంక అలాగే చూస్తారు. తెలుసాంటీ అని చెప్పి, అక్కర్లేకపోయినా గోరుచిక్కుళ్ళు ఏరుకుంటూ నిలబడ్డాను.

నాకు సంతోషంగా ఉంది, సిరీ. ఇది రాసి మళ్ళీ చదువుకున్నాను. అబద్ధంలా కనిపించలేదు, అందుకే కొట్టెయ్యలేదు.

ఇప్పుడు పనిమాట వినాలి. శుక్రవారం దాటితే ఇది చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

అంబ్రెల్లా కంపెనీ నీకు యజమాని కాదు. నీ టాక్సులు కట్టిపెట్టే మధ్యమనిషి, అంతే. దాని కింద ఉన్నా నువ్వు సొంతంగా వ్యాపారం చేసుకుంటున్న మనిషివే. వికారంతో లేవలేక ఓ పూట పడుకుంటే ఆ పూట గంటలు పోయినట్టే. మిడ్‌వైఫ్ దగ్గరికి వెళ్ళి ఆలస్యంగా వస్తే అదీ అంతే. అసలు సంగతి వేరే ఉంది. ఇప్పుడున్న ఉద్యోగంలో నీకు మూడేళ్ళు దాటాయి. బిడ్డ కోసం ఏడాది దాకా సెలవు పెట్టే హక్కు నీకుంది. నువ్వు తిరిగి వెళ్ళేదాకా సాధారణంగా ఆ ఉద్యోగం నీకే ఉంచాలి. కాంట్రాక్టుకి వెళ్తే ఆ హక్కు మీ ఆఫీసు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ప్రసూతికి ప్రభుత్వం ఆరు నెలలపాటు ఇచ్చే డబ్బు కాంట్రాక్టువాళ్ళకి కూడా వస్తుంది కదా అని నీకెవరైనా చెప్పి ఉండొచ్చు. నిజమే, పనిచేసిన వారాలు సరిపోతే వస్తుంది. కానీ ఆ డబ్బు అయిపోయాక నువ్వు ఎక్కడికి వెళ్తావు? నీ కాంట్రాక్టు మేలో అయిపోతుంది. నీకు నెలలు నిండేది కూడా అప్పుడే అనుకుంటాను. కాంట్రాక్టు పొడిగించబోమని వాళ్ళు నీకు చెప్పాల్సిన పని కూడా ఉండదు. ఆ ఏజెన్సీ అమ్మాయి ఫోన్ చెయ్యడం మానేస్తుంది, అంతే. చేతిలో పసిబిడ్డ, పాపకూర ఇంటి అప్పు, శ్రీవత్స ఒక్కడి జీతం. అతని బిల్డింగ్ సైట్లలో పనులు తగ్గాయని నువ్వే అన్నావు.

నేను ఇన్నేళ్ళు కాంట్రాక్టులు ఎలా లాక్కొచ్చానో నీకు చెప్పలేదు. మీ బావకి కదలని ఉద్యోగం ఉంది. నాకు పని లేని నెలల్లో ఆయన జీతంతో ఇల్లు గడిచింది. ఇంట్లో మేమిద్దరమే. పులి మింగలేదని గొప్పగా రాశాను. నా దగ్గర అది మింగడానికి ఏమీ లేదు.

ఈ ఊళ్ళో మనవాళ్ళకి ఒక అలవాటు. కొత్తగా కాంట్రాక్టు వస్తే అకౌంటెంటు దగ్గరికి వెళ్ళరు, ఆశక్కని అడుగుదాం అంటారు. పరాయివాడు ఫీజు తీసుకుని చెప్పే మాటకన్నా అక్క టీ ఇచ్చి చెప్పే మాట మీద మనకి గురి. నాకూ అది బాగానే ఉండేది. బతుకమ్మ దగ్గరా గణపతి పందిట్లోనూ ఎవరో ఒకరు నా పక్కకి జరిగి జీఎస్టీ గురించి అడుగుతుంటే, పెద్దరికం వచ్చినట్టుండేది. ఎవరు ఏ వీసా మీద ఉన్నారు, ఇంట్లో ఎవరున్నారు, ఒంట్లో ఎలా ఉంది, ఇవన్నీ అడిగి చెప్పాలి కదా. నా ఉద్యోగమే అది. కాగితం మీద ఉన్నది సరిచూడటం ఎవరైనా చేస్తారు. కాగితం మీదికి రానిది ఏముందని అడిగినందుకే నాకు డబ్బులిస్తారు. ఆఫీసులో ఎదుటివాళ్ళు విసుక్కునేదాకా అడుగుతాను. నిన్ను అడగలేదు. నా వల్ల తప్పు జరిగింది.

కాబట్టి ఇవాళే మీ మేనేజర్‌కి మెయిల్ పెట్టు. రాజీనామా వెనక్కి తీసుకుంటున్నాను అని రెండు ముక్కలు చాలు. కారణం రాయక్కర్లేదు. మూడో నెల నిండేదాకా బయటికి చెప్పొద్దని మీ అత్తగారు అని ఉంటే చెప్పకు. మీ మేనేజర్ కాగితం మీద ఒప్పుకున్నాకే ఏజెన్సీకి చెప్పు, ముందు చెప్పకు. నువ్వు నాకు చూడమని పంపిన కాంట్రాక్టు చదివాను. ఏ పక్కవాళ్ళైనా వారం నోటీసుతో తప్పుకోవచ్చు అని ఉంది. ఆ అమ్మాయి విసుక్కుంటుంది, విసుక్కోనీ. శ్రీవత్సకి కోపం వస్తే, ఆశక్క ముందొకటి చెప్పి తర్వాత ఇంకొకటి చెప్పిందని నా మీదికి తోసెయ్. అందులో అబద్ధం కూడా లేదు.

ఈసారి మాత్రం నా ఒక్కదాని మాట పట్టుకుని ఏదీ చెయ్యకు. ఉద్యోగుల హక్కుల గురించి చెప్పడానికి ప్రభుత్వంవాళ్ళ ఉచిత ఫోన్ లైను ఉంది. నంబరు వెనక రాశాను. పొద్దున్నే ఫోన్ చేసి, ఇన్నో వారం అని చెప్పి, అన్నీ అడుగు. వాళ్ళు నీకు అక్కలు కారు కాబట్టి వాళ్ళ దగ్గర దాచడానికి ఏమీ ఉండదు.

ఒంట్లో జాగ్రత్త. తినాలనిపించింది తిను. పచ్చడి అయిపోయి ఉంటే చెప్పు.

క్షమించమని అడిగే మొహం లేక, ఆశీస్సులు మాత్రం ఇస్తూ,
మీ అక్క
ఆశాజ్యోతి

తా.క. కవరు అంటించి, బూట్లు కూడా వేసుకుని, మళ్ళీ వచ్చి చింపాను. పైన రాసినదాంట్లో నీ ఉద్యోగం గురించి ఉన్నదంతా నిజం. నిన్ను అడగలేదు అని రాశాను చూడు, అక్కడ మోసం చేశాను. తెలియక అడగలేదన్నట్టు రాశాను. విజయలక్ష్మి ఆంటీ చెప్పేదాకా నాకు తెలియదని నువ్వు అనుకోవాలని రాశాను. ఆదివారం ఆంటీ నాకు కొత్త సంగతేమీ చెప్పలేదు, సిరీ. నువ్వు మా ఇంటికి వచ్చిన రోజే నాకు తెలుసు.

ఆ రోజు వాన పడి ఆగింది. నువ్వు చెప్పులు కింద గడ్డిలో విడిచి డెక్ మెట్లెక్కుతున్నావు. నేను ఉతికిన బట్టల బుట్టతో నీ వెనకే ఉన్నాను. కుడికాలు ఎత్తినప్పుడు అరికాల్లో కాటుక చుక్క కనిపించింది. మిరియపు గింజంత, అప్పుడే పెట్టినది, ఇంకా అలుక్కోలేదు. దిష్టిచుక్క పెళ్ళికూతురికి పెడతారు, పసిబిడ్డలకి పెడతారు. ఉద్యోగం చేసుకునే అమ్మాయి శనివారం పూట అక్క ఇంటికి భోజనానికి వస్తూ ఎందుకు పెట్టుకుంటుంది? తర్వాత తాలింపు వాసనకి పరుగెత్తావు. ఫిల్టర్ కాఫీ అంటే ప్రాణం పెట్టేదానివి, వద్దన్నావు. హే ఫీవర్ అన్నావు. నేను సరే అన్నాను. అన్నాలు వడ్డించేలోపే నాకంతా అర్థమైంది.

ఆ చుక్క ఎవరి కోసమో కూడా అర్థమైంది. మీ బావ క్రికెట్‌కి వెళ్ళాడు. ఆ పూట ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

క్లినిక్‌లో రెండోసారి కూడా నిలవలేదని చెప్పిన రోజు నన్ను ఇంటికి తీసుకొచ్చింది నువ్వు. నీకప్పుడు రెస్ట్రిక్టెడ్ లైసెన్సు, పక్కన మనిషిని ఎక్కించుకోకూడదు. పట్టుకుంటే పట్టుకోనీ అక్కా అని నా కారు నువ్వే నడిపావు. డొమినియన్ రోడ్డు పొడవునా గేరు మార్చనప్పుడల్లా నా చెయ్యి పట్టుకున్నావు. మా అమ్మకి కూడా చెప్పని సంగతి నీకు తెలుసు. పరాయివాళ్ళు నన్ను చూసి పిల్లల్ని పక్కకి తీసుకుంటే భరించాను. నువ్వు చుక్క పెట్టుకుని రావడం భరించలేకపోయాను. నీ అంతట నువ్వు పెట్టుకున్నావో, మీ అత్తగారు వీడియో కాల్‌లో పెట్టుకోమంటే పెట్టుకున్నావో నాకు తెలియదు. నా మనసు నొచ్చుకుంటుందని చెప్పకుండా దాచావేమో కూడా. ఈ ఆఖరి మాట నాకు తట్టడానికి నెల పట్టింది.

నువ్వు పప్పు కలుపుకుంటూ, పర్మనెంట్ ఉద్యోగం మాదిరే కదక్కా అని రెండుసార్లు అడిగినప్పుడు నువ్వు దేని గురించి అడుగుతున్నావో నాకు బాగా తెలుసు. నోటితో చెప్పకూడదు కాబట్టి చుట్టూ తిరిగి అడుగుతున్నావు. దాచుకుంది కదా, నేనెందుకు బయటికి లాగాలి, అడిగినదానికే జవాబు చెప్దాం అనుకున్నాను. మర్నాడు కూర్చుని అలాగే రాశాను. నీకు సెలవులతో పనేముంది అన్న వాక్యం నీ కడుపులో బిడ్డ ఉందని తెలిసే రాశాను. పరిస్థితి మారితే సలహా మారుతుంది అన్నది నీ కోసం రాయలేదు. రేపు ఎవరైనా అడిగితే చూపించుకోవడానికి నా కోసం రాసుకున్నాను. ఆ సాయంత్రమే నిమ్మకాయలు కోసి, ఉప్పులో నానేసి ఉంచిన పాత ముక్కలతో కలిపి నీకు పచ్చడి కూడా పెట్టాను. రెండూ ఒకే చేత్తో చేశాను. ఆ పచ్చడి ఎందుకు పంపానో నీకు అనుమానం రాలేదంటే, నా మీద నీకు ఎంత నమ్మకమో చూడు.

దిష్టి మీద నాకు నమ్మకం లేదు. కానీ నువ్వు ఎవరికి భయపడి ఆ చుక్క పెట్టుకున్నావో ఆ మనిషి వల్లే నీకు కీడు జరగబోతోంది. శుక్రవారం నువ్వు ఆ ఆఫీసు నుంచి బయటికి వచ్చేస్తే, నీ భయమే నిజమని జీవితాంతం నాకు నేనే ఒప్పుకోవాలి.

రేపు పొద్దున ఎనిమిదింటికి మీ వీధి చివర బస్టాపు పక్కన కారులో ఉంటాను. మెయిల్ పెట్టి ఉంటే రా, మీ ఆఫీసు దాకా దింపుతాను. పెట్టకపోయినా రా, కారులో కూర్చుని ఇద్దరం కలిసి పెడదాం. తిట్టాలనిపించినా రా. తొమ్మిది దాకా చూసి వెళ్ళిపోతాను, తలుపు కొట్టను.

కాటుక చుక్క పెట్టుకునే రా. నేనేమీ అనుకోనని ఇంకో అబద్ధం రాయను. అనుకుంటాను. అయినా పెట్టుకునే రా.